అమ్మ తినని పాలసొర

మొన్న మా తమ్ముడి కూతురికి ఏలూరు ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టింది. కాన్పు సుఖంగానే అయింది కానీ, రెండో రోజుకి కూడా పాలు సరిగ్గా పడలేదని వియ్యపురాలు కంగారు పడింది. నన్ను వరండాలోకి తీసుకెళ్ళి, "వదినగారూ, మీరు కొల్లేటి వైపు మనుషులు కదండీ. చేపల సంగతి మీకు తెలిసినట్టు మాకు తెలియదు. పాలసొర ఎక్కడైనా దొరుకుతుందేమో కాస్త చూడండి. బాలింతకి అది వండిపెడితే పాలకి లోటుండదంటారు" అంది.

కాదనలేక మర్నాడు పొద్దున్నే చేపల మార్కెట్‌కి వెళ్ళాను. ఎటు చూసినా చెరువు చేపలే. శీలావతులు, బొచ్చెలు, తెల్లరొయ్యలు, వాటి మీద పలుగురాళ్ళలా పోసిన మంచుముక్కలు. ఓ మూల సముద్రపు చేపలు అమ్మే అతను ఉంటే, సొర ఉందా అని అడిగాను. మంచు పక్కకి తోసి చూపించాడు. ఒక్కొక్కటీ జానెడు. "పెద్దవి రావట్లేదండి అమ్మగారూ, ఇప్పుడన్నీ ఇవే. లేతగా ఉంటాయి, పిట్టుకి బావుంటాయండి" అన్నాడు. ఒకదాన్ని వెల్లకిలా తిప్పి చూశాను. రెండు రెక్కల మధ్య, తెల్లటి పొట్ట మీద, బొడ్డు ఊడిన మచ్చ ఇంకా పూర్తిగా మానలేదు. చేపకి బొడ్డేమిటని మీకు అనిపించవచ్చు. చెబుతాను. ఆ పిల్లని మళ్ళీ మంచులో పెట్టేసి, పక్క దుకాణంలో ఒక కొర్రమీను కోయించుకుని వచ్చేశాను.

ఆ సాయంత్రం వార్డుకి వచ్చిన డాక్టరమ్మ దగ్గర కూడా వియ్యపురాలు సొర మాట ఎత్తింది. చేపల్ని తిని బతికే పెద్ద చేపల ఒంట్లో పాదరసం చేరుతుందనీ, పాలిచ్చే తల్లికి అది మంచిది కాదనీ, బిడ్డని మాటిమాటికీ రొమ్ముకి పట్టిస్తే పాలు అవే వస్తాయనీ ఆవిడ నెమ్మదిగా చెప్పి వెళ్ళింది. మూడో రోజుకి పాలు పడ్డాయి. అందరం ఊపిరి పీల్చుకున్నాం. మా తమ్ముడు మాత్రం, "పోనీలే అక్కా, నేను పుట్టినప్పుడు అమ్మకి పాలసొర పెడితేనే పాలొచ్చాయని చెప్పుకునేవారు కదా, అందుకే వీళ్ళు అడిగినప్పుడు నేనూ ఊరుకున్నాను" అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. వాడికి ఎవరు చెప్పారో గానీ, సగమే చెప్పారు. మిగతా సగం తెలిసినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్నే.

మా ఇల్లు అప్పట్లో కైకలూరు దాటాక కొల్లేటి అంచున ఒక ఊళ్ళో ఉండేది. ఇప్పుడు వెళితే ఆ చోటు నేనే గుర్తుపట్టలేను. గట్లు, చేపల చెరువులు, వాటి నీళ్ళలో గాలి కలుపుతూ తెల్లవార్లూ తిరిగే ఏరేటర్లు. ఆ రోజుల్లో గట్టు అనేదే లేదు. వానాకాలం కొల్లేరు మా పెరటి కంచెదాకా నడిచి వచ్చేది. చలికాలానికి వెనక్కి వెళ్ళిపోతూ నల్లటి బురద, నాచు వాసన, ఎక్కడెక్కడివో పక్షుల అరుపులు వదిలిపెట్టేది. నాన్న మిషన్ స్కూల్లో మాస్టారు. పిల్లల తల్లులు దారిలో ఆపి ఇంగిలాయి చేపలో, మట్టగుడిసలో తామరాకులో చుట్టి ఇచ్చేవారు. మా మామ్మ, అంటే నాన్నగారి అమ్మ, వాటిని మట్టికుండలో పులుసు పెట్టేది. ఆ పులుసు మర్నాడు చద్దన్నంలోకి ఇంకా బావుంటుందని రాత్రి ఎవరినీ రెండోసారి వేసుకోనిచ్చేది కాదు. నేను మాత్రం నీళ్ళు తాగే వంకన వంటింట్లోకి వెళ్ళి వేలితో రెండు ముక్కలు లాగేసి, మూత ఎలా ఉన్నదాన్ని అలా పెట్టేసేదాన్ని. రెండు జడల పిల్లి ఏదో కుండ ముడుతోందని మామ్మ నావైపు చూడకుండా అనేది.

చేపల్ని తినడంలో మా వాళ్ళకి మొహమాటం లేదు. కానీ ఒక నియమం మాత్రం ఉండేది. కొర్రమీను పిల్లలు పుట్టిన కొత్తలో ఎర్రటి ముద్దలా ఒకేచోట కదులుతుంటాయి, కింద తల్లీ తండ్రీ కాపలా తిరుగుతుంటాయి. అలాంటప్పుడు ఆ పెద్ద చేపల మీద ఎవరూ వల వెయ్యరు. నేనొకసారి కాలవలో ఆ ఎర్ర ముద్దని చూసి ముచ్చటపడి, పాలడబ్బాతో సగం ముంచి ఇంటికి తెచ్చాను. మామ్మ నన్ను తిట్టలేదు, కొట్టలేదు. వంట మధ్యలో ఆపి, చేయి పట్టుకుని కాలవ దాకా నడిపించి, అదే చోట నాచేత డబ్బా వంపించింది. తల్లి చేప పైకి వచ్చి పిల్లల చుట్టూ తిరిగేదాకా అక్కడే నిలబెట్టింది.

సముద్రపు చేప అంటే మా ఊళ్ళో చిన్నచూపు. రెండు రోజుల చేపని డబ్బులిచ్చి ఎవరు తింటారని నవ్వేవారు. అయినా వారానికి రెండుసార్లు నరసాపురం అవతల నుంచి పొద్దుటి పాసింజరు రైల్లో ఒకావిడ వచ్చేది. తడి గోనెపట్టా కప్పిన తాటాకు బుట్ట నెత్తిన పెట్టుకుని, కైకలూరు స్టేషన్లో దిగి నడిచి వచ్చేది. పిల్లలందరం ఆవిడని సముద్రం అత్త అనేవాళ్ళం. ఆవిడ వస్తే ముందు ఉప్పుగాలి వాసన వచ్చేది, తర్వాత కేక వినబడేది. మా అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి, మాకు గవ్వలో, ఎండిన పీత గోరో ఇచ్చేది. ఎండు మెత్తళ్ళు, ఉప్పుచేప అమ్ముకునేది. బాలింతలున్న ఇళ్ళవాళ్ళు మాత్రం ముందుగా చెప్పి పాలసొర తెప్పించుకునేవారు. శుభ్రం చేసి ముక్కలు కోసి తెచ్చేది.

నాకు తొమ్మిదేళ్ళు నిండిన ఏడాది, క్రిస్మస్‌కి వాకిట్లో కట్టిన నక్షత్రం ఇంకా విప్పకముందే మా తమ్ముడు పుట్టాడు. అమ్మది చింతలపూడి వైపు మెట్ట ఊరు. పుట్టింట్లో తల్లి లేదు. అందుకని పురుడు మామ్మే పోసింది. కోడలికి తల్లి లేని లోటు తెలియకూడదని ఆవిడ పట్టుదల. పురిటి గదిలో కుంపటి ఆరనిచ్చేది కాదు. సాంబ్రాణి పొగ, శొంఠి, నెయ్యిలో వేగిన వెల్లుల్లి, ఆ గది వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది.

అయితే పాలు పడలేదు. మామ్మ తెలగపిండిలో మునగాకు వేసి వండింది, బొప్పాయి కాయ కూర చేసింది, వెల్లుల్లి కారం ముద్దలు పెట్టింది. రెండు వారాలైనా తమ్ముడికి కడుపు నిండేది కాదు. రొమ్ము పట్టినట్టే పట్టి వదిలేసి సన్నగా ఏడ్చేవాడు. గుడ్డ వత్తి ఆవుపాలలో ముంచి నోట్లో పెడితే చీకేవాడు. వాడి తొడల మీద చర్మం ముడతలు పడింది. అమ్మ ఎవరి మొహమూ చూసేది కాదు. సాయంత్రం ప్రార్థనలో మామ్మ గొంతు ఎప్పటికంటే ఎక్కువసేపు సాగేది. నాన్న కళ్ళు మూసుకునే ఉండేవారు గానీ ఆమెన్ చెప్పడం మర్చిపోయేవారు.

చివరికి మామ్మ సముద్రం అత్తకి పాలసొర చెప్పింది.

సొర వండుతుంటే వచ్చే వాసన తెలిసినవాళ్ళకే తెలుస్తుంది. పసుపు, ఉప్పు వేసి ఉడకబెడుతున్నప్పుడు పశువుల పాకలో తెల్లవారుజామున వచ్చే ఘాటు లాంటిదొకటి కళ్ళకి తగులుతుంది. మామ్మ గరుకు తోలు ఒలిచి, లోపలి మెత్తటి ఎముక తీసేసి, కండని గుడ్డలో వేసి పిండి, పొడిపొడిగా చేసేది. అల్లం, వెల్లుల్లి, మిరియాలు దంచి నువ్వుల నూనెలో వేయించాక అది పిట్టు అయ్యేది. అప్పుడా ఘాటు పోయి కమ్మటి వాసన మిగిలేది. నాకు మిగిలేది. అమ్మకి మాత్రం మొదటి ఘాటే ముక్కులో ఉండిపోయేది. మెట్ట మనిషి. కొల్లేటి చేప తినడమే పెళ్ళయ్యాక నేర్చుకుంది.

మొదటి రోజు మామ్మ వేడి అన్నంలో పిట్టు కలిపి పళ్ళెం మంచం పక్కన పెట్టి, పసివాడికి నూనె రాసి నీళ్ళు పోయడానికి పెరట్లోకి తీసుకెళ్ళింది. నేను మధ్యాహ్నం బడి వదిలి అప్పుడే వచ్చాను. అమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. మింగలేక నోరు మూసుకుని కూర్చుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముద్దని అరచేతిలోకి ఉమ్మి, పళ్ళెం నావైపు జరిపింది.

"నువ్వు తినెయ్యవే తల్లీ. మామ్మతో అనకు. అంత కష్టపడి వండింది, బాధపడుతుంది."

నేను తినేశాను. అంత రుచైన కూర నేనెప్పుడూ తినలేదు. మామ్మ తిరిగొచ్చి ఖాళీ పళ్ళెం చూసి, దేవుడు గొప్పవాడని ఆ పళ్ళానికే దండం పెట్టింది. ఆ తర్వాత సముద్రం అత్త వచ్చిన ప్రతిసారీ ఇదే జరిగింది. అమ్మ తెలగపిండి కూరా, చారూ అన్నం తినేది. బాలింత పథ్యం మొత్తం నేను చేసేదాన్ని. నా బుగ్గలు నిండాయని, చలికాలం ఒంటికి పడిందని బడిలో అనేవారు.

మూడో వారం చివర్లో అమ్మకి పాలు పడ్డాయి. రవిక తడిసేటంత పడ్డాయి. తమ్ముడు తాగి తాగి రొమ్ము నోట్లో ఉండగానే నిద్రపోయాడు. ఎందుకు పడ్డాయో నాకిప్పటికీ తెలియదు. తెలగపిండి పనిచేసిందేమో, వాడికి పట్టడం అలవాటయిందేమో. మామ్మకి మాత్రం ఏ అనుమానమూ లేదు. ఆ గురువారం చర్చిలో స్త్రీల కూటానికి వెళ్ళి సాక్ష్యం చెప్పింది. ఎండిపోయిన రొమ్ములో దేవుడు పాలసొర ద్వారా పాలు ఎలా పుట్టించాడో వివరంగా, పిట్టు వండే పద్ధతితో సహా చెప్పింది. చివర్లో ఇద్దరు ముగ్గురు కళ్ళు తుడుచుకున్నారు. నేను మామ్మ పక్కనే చాప మీద కూర్చుని నా పొట్ట వైపు చూసుకున్నాను.

ఆ సాక్ష్యం ఊరు దాటి పాకింది. కడుపుతో ఉన్నవాళ్ళు, పురుడు పోసుకున్నవాళ్ళు, పాలకి లోటు లేనివాళ్ళు కూడా సొర అడగడం మొదలుపెట్టారు. సముద్రం అత్త బుట్టలో మెత్తళ్ళు తగ్గి సొరముక్కలు పెరిగాయి. ఆవిడకి బేరం బాగా సాగుతోంది కదా, సంతోషంగా ఉండాలి. కానీ మా అరుగు మీద మజ్జిగ తాగేటప్పుడు ఇదివరకటిలా మాట్లాడేది కాదు. గవ్వలు తేవడం కూడా మానేసింది. నాకు ఆదివారం బడిలో అబద్ధం గురించి చెప్పినప్పుడు మాత్రం గుండె దడదడలాడేది. సోమవారానికి తగ్గిపోయేది. అమ్మకి మాటిచ్చాను, పైగా పిట్టు రుచిగా ఉండేది.

అంతలో ఎదురింటి పెద్దమ్మగారి అమ్మాయి పురిటికి వచ్చి ఆడపిల్లని కన్నది. ఆ పిల్లకీ పాలు చాలలేదు. ఎవరో, సముద్రం అత్త సొర పేరు చెప్పి, చేటలా వెడల్పుగా ఉండే టేకు చేప ముక్కలు అంటగడుతోందని పుట్టించారు. ముక్కలుగా ఉంటే ఏది ఏదో ఎవరు చెప్పగలరు. మామ్మ తన సాక్ష్యానికే మచ్చ వచ్చినట్టు బాధపడింది. ఈసారి కొయ్యకుండా చేపని చేపలా తీసుకురమ్మని, మా పెరట్లోనే తను కోసి ఎదురింటికి పంపుతానని చెప్పింది. సముద్రం అత్త చాలా సాకులు చెప్పింది. మోత బరువంది, తోలు గరుకు చేయి కోసుకుంటుందంది, నీచు మీ గుమ్మంలో ఎందుకంది. ఆ సాకులు విని మామ్మకి అనుమానం ఇంకా బలపడింది. పట్టుబట్టింది.

అది శనివారం. బడి ఒంటిపూట. సముద్రం అత్త గోనెపట్టా విప్పి చేపని అరటాకు మీద పెట్టింది. నా చేయంత పొడుగు. పైన బూడిదరంగు, కింద పాలలాంటి తెలుపు. నోరు కింద ఎక్కడో ఉంది. నేను అన్నాళ్ళూ తిన్నది ఇదా అని వేలితో రాసి చూశాను. ఒకవైపు నున్నగా, ఎదురు రాస్తే ఉప్పుకాగితంలా ఉంది. పొట్ట లావుగా ఉంది. మామ్మ కత్తిపీట ముందు కూర్చుని, టేకు కాదు సొరే, నిన్ను అనవసరంగా అనుమానించానని సముద్రం అత్తతో అంటూ పొట్ట చీరింది.

లోపల మూడు పిల్లలున్నాయి. పూర్తిగా తయారైన పిల్లలు. కళ్ళు, రెక్కలు, తోకలు, అన్నీ తల్లివే, జానెడు కొలతలో. ఒక్కొక్కదాని పొట్ట మీద నుంచి తల్లి లోపలికి ఒక తాడు వెళ్ళింది. మామ్మ దాన్ని వేలితో ఎత్తి పట్టుకుంది. నెలన్నర క్రితం తమ్ముడికి ఉన్న ఇలాంటి బొడ్డుతాడునే ఆవిడ తన చేతులతో దారం కట్టి కోసింది.

ఇదొక్కటే ఇలా వచ్చిందా అని మామ్మ అడిగింది. సముద్రం అత్త అరుగు దిగి నేల మీద గొంతుక్కూర్చుంది.

"లేదండి మామ్మగారూ. ఈ నెలల్లో అన్నీ ఇలాగేనండి. కనడానికే ఒడ్డుకి వస్తాయివి. ఒడ్డు దగ్గర వలేస్తే పడేవి తల్లులే. మీ కంట పడకూడదనే రేవులోనే కోసి, కడిగి తెచ్చేదాన్నండి. మీ కొల్లేటి చేప వేలకి వేలు గుడ్లు పెడుతుంది. ఇది మనలాగా రెండో మూడో కంటుందండి, అంతే. మా అత్తగారి రోజుల్లో ఒడ్డున నిలబడితే దొరికేవంట. ఇప్పుడు మా మగాళ్ళు కనుచూపు దాటి పోతే గాని దొరకట్లేదు. అయినా మీరు బాలింతలకని అడుగుతుంటే కాదనలేం కదండీ."

మా అమ్మ పాలకని ఎన్ని చేపలు వచ్చాయో నేను లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టి, ఆపేశాను.

మామ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. పాలడబ్బా పట్టుకొచ్చిన రోజు నన్ను కాలవదాకా నడిపించిన మామ్మ ఇప్పుడేం చేస్తుందా అని చూస్తున్నాను. ఆవిడ మూడు పిల్లల్నీ ఆకు చివరికి జరిపి, మళ్ళీ కత్తిపీట సరిచేసుకుంది.

"తప్పు చేస్తున్నానేమో, దేవుడు చూస్తున్నాడు. కానీ ఎదురింట్లో పసిగుడ్డు పాలకి ఏడుస్తోంది. మా కోడలికి పనిచేసింది, ఆ పిల్లకీ పనిచేస్తుంది. తప్పదు."

తప్పదు అన్నది ఆవిడ తనకి తాను చెప్పుకున్నట్టుంది. ఆ తప్పదు నా మీదే నిలబడి ఉందని నాకు తెలుసు. నోరు విప్పితే అమ్మ మాట తప్పినట్టు. విప్పకపోతే మామ్మ ఇక ప్రతి బాలింతకీ, ప్రతి వారం ఇలా కోస్తూనే ఉంటుంది. పురిటి గది తలుపు సగం తెరిచే ఉంది. లోపల అమ్మ పక్క మీద కదిలిన చప్పుడు వినబడింది.

"మామ్మా," అన్నాను, "అమ్మ ఒక్క ముద్ద కూడా తినలేదు. అంతా నేనే తిన్నాను."

మామ్మ నావైపు చూసింది. నా బుగ్గల్ని, చేతుల్ని, మళ్ళీ బుగ్గల్ని చూసింది. కత్తిపీట పక్కకి మడిచి లేచి, చేతులు కడుక్కుని, పురిటి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసింది.

నేను తలుపు బయట నిలబడ్డాను. అమ్మకి ఎంత అన్యాయం చేశానో అప్పుడు తెలిసింది. తల్లి లేని మనిషి, అత్తగారి మంచితనం మీద బతుకుతున్న మనిషి. లోపల మామ్మ, నిజమేనా అని అడిగింది. అమ్మ ఏడుస్తూ చెప్పింది.

"వాసన పడలేదండి అత్తయ్యగారూ. మీరు పొయ్యి దగ్గర కళ్ళు మంటలెత్తేలా వండుతున్నారు. కన్నతల్లి కూడా అంత చెయ్యదండి. తినలేదని ఏ నోటితో చెప్పనండీ."

మంచం కిర్రుమంది. మామ్మ మంచం మీద కూర్చుందన్నమాట. పురిటి మంచం మీద ఎవరూ కూర్చోకూడదని నియమం పెట్టింది ఆవిడే. నేను కళ్ళు మూసుకుని, దెబ్బలు పడేది నాకే పడాలని ప్రార్థన చేసుకున్నాను.

అప్పుడు నవ్వు వినబడింది. మొదట మామ్మది. దగ్గులా మొదలై, ఆగి, మళ్ళీ వచ్చింది.

"నేనూ తినలేదే అమ్మాయ్. మా అత్తగారు సముద్రం ఒడ్డున ఉన్న తన పుట్టింటి నుంచి ప్రత్యేకం తెప్పించి వండేది. ఆవిడ అటు తిరగ్గానే కిటికీలోంచి కుక్కకి వేసేదాన్ని. నలుగురు పిల్లలకీ అదే చేశాను. పాలొచ్చాయి కదా, ఆవిడ సొర వల్లే అంది. నేను కాదనలేదు. అనీ అనీ చివరికి నేనూ అదే నమ్మాను."

అప్పుడు అమ్మ నవ్వింది. ఏడుస్తూనే నవ్వింది. ఆ నవ్వుకి తమ్ముడు లేచి కెవ్వుమంటే, ఇద్దరూ వాడిని ఊరుకోబెడుతూ కూడా నవ్వుతూనే ఉన్నారు. పెరట్లో సముద్రం అత్త, ఏమైందమ్మా అని నన్ను అడిగింది. మా మామ్మ కూడా తినలేదంట అని చెప్పాను. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మామ్మ బయటికి వచ్చి మూడు పిల్లల్నీ తల్లి పక్కనే అరటాకులో చుట్టి, పెరటి చివర గొయ్యి తీయించి పాతిపెట్టించింది. చచ్చిన చేపని పారేయడం కూడా తప్పే కదా అని నాన్న తర్వాత అన్నారు. ఆయన మాటా నిజమే. మామ్మ మాత్రం, ఈ ఒక్కదాన్నీ తినే నోరు ఈ ఇంట్లో లేదంది. సముద్రం అత్తకి ఇవ్వాల్సింది ఇచ్చేసి, ఇక సొర తేవద్దనీ, మెత్తళ్ళు, ఎండురొయ్యలు ఎన్ని తెచ్చినా ఈ వీధిలో తనే అమ్మిపెడతాననీ చెప్పింది. బేరం పోయినందుకు ఆవిడ ముఖం చిన్నబుచ్చుకుంటుందనుకున్నాను. ఆవిడ గోనెపట్టా దులిపి మడత పెట్టుకుంటూ, "కోసేటప్పుడు మొహం పక్కకి తిప్పుకునేదాన్నండి. ఈ రాత్రి అన్నం సయిస్తుంది" అంది.

ఎదురింటి అమ్మాయికి మామ్మ వారం రోజులు తెలగపిండి కూర మోసుకెళ్ళింది. దానికంటే ఎక్కువగా ఆ పిల్ల పక్కన కూర్చుని ధైర్యం చెప్పింది. బిడ్డ ఎలా పట్టాలో పక్కనుండి చూపించింది. ఆ పాప నెమ్మదిగా కోలుకుంది. ఆ తర్వాతి గురువారం కూటంలో మామ్మ లేచి నిలబడి, కిందటిసారి తను చెప్పిన సాక్ష్యం తప్పని చెప్పింది. పాలిచ్చింది దేవుడే గాని సొర కాదనీ, ఆ సొర తిన్నది ఎవరో కూడా చెప్పి నన్ను లేపి నిలబెట్టింది. ఆడవాళ్ళంతా పమిటలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను గానీ, ఆదివారం బడిలో గుండె దడ మాత్రం ఆ వారం నుంచి పోయింది. తర్వాత మామ్మ ఆ చేప కడుపులో చూసింది చెప్పింది. అప్పుడెవరూ నవ్వలేదు.

దాంతో సొర తినడం ఆగిపోయిందని చెప్పను. మా వీధిలో ఆగింది. పక్క ఊళ్ళలో తింటూనే ఉన్నారు. సముద్రం అత్త ఇంకా చాలా ఏళ్ళు వచ్చింది. ఆవిడ కొడుకులు మరబోటు మీదకి మారారు. నాలుగైదు రోజులు సముద్రంలోనే ఉంటున్నారనీ, అయినా సొరలు మునుపటంత పడట్లేదనీ, పడ్డవి రెక్కల కోసం ఎవరో ఎక్కడికో పంపుతున్నారనీ చెప్పేది. వేటాడి బతికేవాళ్ళని తప్పుపట్టే హక్కు నాకు లేదు. ఆ చేప ఎలా పుడుతుందో మాకు తెలియదు, తెలిసినావిడ మా కోసమే దాచింది. ఎవరి కోసం తెప్పించామో వాళ్ళేమో తినేవాళ్ళు కూడా కాదు. ఇద్దరు అత్తాకోడళ్ళ మొహమాటానికి ఎన్ని తల్లి చేపలు రైలెక్కి వచ్చాయో అని తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

మామ్మ పోయాక, చాలా ఏళ్ళకి, అమ్మ నా దగ్గర కొన్నాళ్ళున్నప్పుడు ఈ సంగతి మాటల్లో వచ్చింది. ఆ రోజు నీ గుట్టు బయటపెట్టినందుకు నామీద కోపం రాలేదా అని అడిగాను. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో ఏది తిన్నా, ఏది చేసినా అత్తగారు ఏమనుకుంటారో అని లోపల ఒకటే బిగుతుగా ఉండేదట. ఆవిడ మంచిదైన కొద్దీ ఆ బిగుతు ఇంకా పెరిగేదట. కిటికీలోంచి కుక్కకి వేశానని ఆవిడ అన్నప్పుడు అది ఒక్కసారిగా జారిపోయిందట.

"ఆ మధ్యాహ్నం మీ మామ్మ మంచం మీదే నా పక్కన ఒరిగింది," అంది అమ్మ. "తమ్ముడు మధ్యలో. నీకు తెలుసో లేదో, పదేళ్ళ కాపురంలో పట్టపగలు నేను నిద్రపోవడం అదే మొదలు. సాయంత్రం దీపం పెట్టే వేళకి లేచాం ఇద్దరమూ."

నాకు తెలుసు. వాళ్ళు పడుకున్నంతసేపూ ఆ గుమ్మంలో కూర్చున్నది నేనే, ఎవరైనా వచ్చి లేపుతారేమోనని.